కళాశాల నెన్నుకొనుట

(పండ్రెండవ తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకై మన సంఘమువారు ఏర్పాటుచేసిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ విషయమును గూర్చి మాటలాడుటకు నాకు గల అర్హత యేమని నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. నేను విద్యావేత్తను కాను. సచివాలయములో ఫైళ్ళ నడుమ కాలము గడపుచున్న సామాన్యోద్యోగిని. చదివినది బి.ఏ. గడచిన సంవత్సరము మా అమ్మాయిని కళాశాలలో చేర్పించు సందర్భమున నేను పడిన తికమకలు, చేసిన పొరపాటులు మన కార్యదర్శిగారికి తెలియును. "ఆ పొరపాట్లే చెప్పండి, పదిమందికీ పనికొస్తాయి" అని వారనిరి. ఆ ధైర్యముతోనే మీ ముందు నిలిచితిని.

మన తాతల కాలమున ఈ సమస్య ఇంత పెద్దది కాదు. బందరులో 1843లో రాబర్టు నోబులు నెలకొల్పిన పాఠశాలనుండి పెరిగిన కళాశాల, రాజమహేంద్రవరములో ప్రభుత్వ కళాశాల, విజయనగరములో మహారాజావారి కళాశాల, కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల, గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల - కోస్తా జిల్లాలవారికి వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని విద్యాలయములు మాత్రమే యుండెను. హైదరాబాదు సంస్థానములో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసెను. ఊరికి దగ్గర నున్నదే మన కళాశాల. శక్తిగలవారు మద్రాసు పోయెడివారు. శక్తిలేనివారు మెట్రిక్యులేషనుతో ఆగి గుమాస్తా పనిలో చేరెడివారు. ఎన్నుకొనుట అను మాటకు తావు తక్కువ.

నేడు ఒక్క ఢిల్లీ విశ్వవిద్యాలయము క్రిందనే సుమారు తొంబది కళాశాలలు గలవు. 2022 నుండి వానిలో ప్రవేశము సి.యు.ఇ.టి. అను ఉమ్మడి పరీక్షలోని మార్కులను బట్టి జరుగుచున్నది. విద్యార్థి తనకు కావలసిన కోర్సును, కళాశాలను జతపరచి, ఒకదాని క్రింద ఒకటిగా వరుస పెట్టి కంప్యూటరులో నింపవలెను. ఆ జాబితాలో ఏది మొదట వ్రాసితిమి, ఏది పదవదిగా వ్రాసితిమి అనుదానిపై మూడు నాలుగు సంవత్సరముల జీవితము ఆధారపడియుండును. ఐనను చాల యిండ్లలో ఆ జాబితా గడువు ముగియు నాటి రాత్రి, పేరునుబట్టియు పొరుగువారి మాటనుబట్టియు నిండుచుండును. మా యింటిలోను అట్లే జరుగబోయెను.

పేరుకు ఇప్పుడు అంకెలు కూడ వచ్చినవి. కేంద్ర విద్యాశాఖవారు 2016 నుండి విద్యాసంస్థల ర్యాంకుల పట్టికను ప్రకటించుచున్నారు. బోధనకు గల వనరులు, పరిశోధన, పట్టభద్రుల ఫలితములు, అన్ని వర్గములవారికి గల చోటు, లోకములోని అభిప్రాయము - ఈ అయిదింటిని తూచి వరుసను నిర్ణయింతురు. 2024, 2025 పట్టికలలో కళాశాలల విభాగమున హిందూ కళాశాల మొదటిది, మిరాండా హౌస్ రెండవది. ఆ పట్టిక పనికిరానిదని నేననను. కాని మీ యింటినుండి ఆ కళాశాల యెంత దూరము, దాని ఖర్చు మీ జీతములో ఎన్నవ వంతు, మీ బిడ్డ పదిమందిలో నోరు విప్పగలదా లేదా అను సంగతులు అందులో ఉండవు. వానిని పూరించుకొను పని మనదే. నేడు ఖర్చు, పరిమాణము, పరిసరము అను మూడింటిని గూర్చి నాకు తెలిసినంత చెప్పెదను. ఐతే వానికంటె ముందు చెప్పవలసినది నా సొంత కథ యొకటి గలదు.

నేను ఇంటర్మీడియట్ ముగించిన సంవత్సరమున నా ముందు రెండు దారులుండెను. ఒకటి మా పట్టణపు కళాశాల. ఇంటికి నడక దూరము, ఫీజు స్వల్పము, తరగతికి ముప్పదిమంది. రెండవది దూరనగరములోని పెద్ద కళాశాల. పేరుమోసినది, హాస్టలులో ఉండక తప్పదు. మా నాయనగారు బడిపంతులు. "ఎంత ఖర్చవుతుంది నాన్నా?" అని నేనడిగితిని. "డబ్బు సంగతి నీకెందుకురా, నువ్వు చదువుకో" అనిరి. ఆ మాటను వరముగా భావించి నేను పెద్ద కళాశాలలో చేరితిని. రెండవ సంవత్సరము సంక్రాంతి సెలవులకు ఇల్లు చేరినప్పుడు అమ్మ చేతులకు బంగారు గాజులు లేకుండుట గమనించితిని. అడిగితే, "బరువుగా ఉన్నాయని తీశానురా" అన్నది. ఆ గాజులు మరల ఆమె చేతికి రాలేదు.

ఆ సెలవుల తరువాత నా చదువు మారిపోయెను. నాటక సమాజమును మానితిని. చర్చాగోష్ఠులకు పోవుట మానితిని. ఒకపూట మెస్సులో తినుట కూడ మానితిని. సాధ్యమైనంత త్వరగా ఒక ఉద్యోగము సంపాదించుట తప్ప మరియొక తలపు లేకపోయెను. ఏ వాతావరణము కొరకు మా వాళ్ళు అంత వెచ్చించిరో దానినే నేను అనుభవింపకుండ వదలుకొంటిని. నిజము ముందే చెప్పియున్నచో నేను మా ఊరి కళాశాలలోనే చేరియుందునేమో. లేక ఇంటి పరిస్థితి తెలిసియే పెద్ద కళాశాలలో చేరి, ప్రతిదినమును సద్వినియోగము చేసికొని యుందునేమో. ఏదైనను తెలిసి యెన్నుకొను అవకాశము నాకు దక్కలేదు. మా నాయనగారు ప్రేమచేతనే దాచిరి. ఆ దాచుటయే ఆయనకును నాకును ఎన్నో యేండ్లు బరువుగా మిగిలెను. ఈ ప్రసంగములో నేను చెప్పు అంకెలన్నియు ఈ కథకు వ్యాఖ్యానమని భావింపుడు.

ఇక ఖర్చు సంగతి. ఫీజు వేరు, ఖర్చు వేరు. ఫీజు రసీదుపై కనబడునది. ఖర్చు మన చేతినుండి పోవునది. ప్రభుత్వ సహాయముతో నడచు కళాశాలలో ఫీజు తక్కువయైనను, అచట హాస్టలు లేనిచో బయటి గది అద్దెయు భోజనమును కలిసి ఫీజుకు ఎన్నో రెట్లగును. ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలలలో హాస్టలు లేనివే ఎక్కువ. ఉన్నచోట్లను స్థలములు కొద్ది. మన ఊళ్ళనుండి మేనల్లుళ్ళను, మరదళ్ళను ఇచటికి పంపదలచిన బంధువులు మీకు ఫోను చేసినప్పుడు ముందు ఈ సంగతి చెప్పవలెను.

ఒక కాగితముపై నిలువుగా గీతలు గీచి, ఒక్కొక్క కళాశాలకు ఒక్కొక్క వరుస కేటాయింపుడు. ఫీజు, నివాసము, భోజనము, ప్రయాణము, పుస్తకములు, కంప్యూటరు, పండుగలకు ఇంటికి వచ్చిపోవు రైలుచార్జీలు - అన్నియు వ్రాయుడు. మొదటి సంవత్సరపు మొత్తమును చూచి ఆగవలదు. ప్రైవేటు సంస్థలలో ఫీజు ఏటేట పెరుగుట సామాన్యము. ఎంతవరకు పెంపవచ్చునో ముందుగనే వ్రాతపూర్వకముగా అడుగవలెను. చదువు ఎన్ని సంవత్సరములో కూడ తేల్చుకొనవలెను. ఢిల్లీ విశ్వవిద్యాలయములో 2022లో చేరినవారు నాలుగేండ్ల పద్ధతికి తొలి జట్టు. వారు 2025లో నాలుగవ సంవత్సరమునకు చేరిరి. మూడేండ్లకు డిగ్రీతో వెలుపలికి రావచ్చును. నాలుగవ యేడు పరిశోధనకుగాని అదనపు అధ్యయనమునకుగాని ఉండి, పిమ్మట ఎం.ఏ.ను ఒక సంవత్సరములో ముగించుటకును వీలున్నది. మూడుతో గుణించుటయా నాలుగుతో గుణించుటయా అనుదానివలన కాగితముమీది మొత్తము చాల మారును.

మనము కేంద్ర ప్రభుత్వోద్యోగులము గనుక మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి గలదు. పిల్లల విద్యాభత్యము 2024 జనవరి 1 నుండి నెలకు రూ. 2,812.50కును, హాస్టలు సబ్సిడీ రూ. 8,437.50కును పెరిగినవి. కాని అవి పండ్రెండవ తరగతితో ఆగిపోవును. ఖర్చు పెరుగు సంవత్సరముననే భత్యము నిలిచిపోవును. మన పెద్దలు పిల్లల చదువునకు జి.పి.ఎఫ్. నుండి తీసికొనెడివారు. 2004 జనవరి 1 నాడును, ఆ తరువాతను చేరిన మనలో చాలమందికి ఆ నిధి లేదు. జాతీయ పింఛను పథకములో పిల్లల ఉన్నతవిద్యకై కొంత తీసికొనవచ్చును గాని, అది మన సొంత వాటాలో నాలుగవవంతుకు మించరాదు. అదియు మన వార్ధక్యపు అన్నములోనుండి తీసిన ముద్దయే.

పిమ్మట అప్పు. విద్యాఋణము తప్పని నేననను. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికచేసిన మంచి సంస్థలలో చేరినవారికి హామీదారు లేకయే అప్పు దొరకును. ఏటికి ఎనిమిది లక్షల రూపాయలలోపు ఆదాయము గల కుటుంబములకు, వేరు విద్యార్థివేతనముగాని వడ్డీ రాయితీగాని లేనిచో, పది లక్షలవరకు అప్పుపై నూటికి మూడు చొప్పున వడ్డీ రాయితీయు గలదు. ఆదాయపు పన్నులో వడ్డీకి మినహాయింపు పాతపద్ధతిని ఎన్నుకొనినవారికి లభించుచున్నది. ఇవి మేలైన సౌకర్యములే. కాని అప్పు ఎట్లు పెరుగునో పిల్లలకు లెక్కవేసి చూపవలెను. ఏటికి రెండు లక్షల చొప్పున నాలుగేండ్లలో ఎనిమిది లక్షలు తీసికొంటిమనుకొందము. వడ్డీ నూటికి పది. చదువు ముగిసిన యేడాదికి వాయిదాలు మొదలగును. అప్పటికి సాధారణవడ్డీయే రూ. 2,80,000 అగును. మొత్తము రూ. 10,80,000. దానిని ఏడేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు రూ. 17,900 కట్టవలెను. తీర్చుట ముగియునప్పటికి ఎనిమిది లక్షలు పదునేను లక్షలకు చేరును. కొత్తగా ఉద్యోగములో చేరిన బిడ్డ మొదటి జీతములోనుండి ఇది పోగా ఏమి మిగులునో ఆ బిడ్డయే ఊహించుకొనవలెను. ఆ చదువు అంతటి ప్రయోజనము గలదని తోచినచో నిస్సందేహముగా తీసికొనవచ్చును. తెలియక తీసికొనరాదు.

ఇచట నా మొదటి పొరపాటు చెప్పవలెను. ఒక ప్రైవేటు సంస్థనుండి మాకు రోజునకు రెండుమార్లు ఫోను వచ్చెడిది. "ఈ రాత్రిలోగా ముందస్తు సొమ్ము కట్టకపోతే సీటు పోతుంది" అని మిక్కిలి మర్యాదగా చెప్పెడివారు. బెదరి కట్టితిని. తరువాత వలదనుకొన్నప్పుడు ఆ సొమ్ము తిరిగి రాబట్టుటకు రెండు నెలలు ఉత్తరములు వ్రాయవలసివచ్చెను. ఫైళ్ళు నడపు ఉద్యోగిని గనుక ఓపిక పట్టితిని. మీరు ముందే తెలిసికొనుడు: ప్రవేశము మానుకొనినవారికి ఫీజు తిరిగి యిచ్చుటను గూర్చి యు.జి.సి. ఉత్తర్వులు గలవు. 2024-25 విద్యాసంవత్సరమునకు సెప్టెంబరు 30 లోగా మానుకొన్నచో పూర్తిగను, అక్టోబరు 31 లోగా మానుకొన్నచో వేయి రూపాయలకు మించని తగ్గింపుతోను తిరిగి యివ్వవలెనని ఆదేశించిరి. ఏ సంవత్సరపు గడువు ఆ సంవత్సరము చూచుకొని, ఉత్తర్వు నకలును చేత ఉంచుకొని, అప్పుడు డబ్బు కట్టవలెను.

రెండవది పరిమాణము. చిన్న కళాశాలకు గల పెద్ద బలము అధ్యాపకుడు విద్యార్థిని పేరుతో ఎరుగుట. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు 1904 నుండి 1919 వరకు ప్రిన్సిపాలుగా నుండిన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు బీద విద్యార్థులను చేరదీసి, సొంత సొమ్ముతో చదివించిన సంగతి మన పెద్దలు కథలుగా చెప్పెడివారు. అట్టి మహనీయులు అంతట దొరకరు. ఐనను విద్యార్థి రెండు రోజులు రాకున్న "ఏమైనది?" అని అడుగువారొకరుండుట సామాన్యమైన మేలు కాదు. నేను చదివిన పెద్ద కళాశాలలో మొదటి సంవత్సరమంతయు ఏ అధ్యాపకునికిని నా పేరు తెలియదు. హాజరుపట్టీలో నేనొక సంఖ్యను.

ఐనను పెద్ద కళాశాలను నిందింపరాదు. అచట గ్రంథాలయము పెద్దది. నాటకము, సంగీతము, వక్తృత్వము, ఆటలు - దేనియందు అభిరుచి గలవారికి దానియందు జట్టు దొరకును. మనకంటె చురుకైనవారిని ప్రతిదినము చూచుటవలన గర్వము తగ్గును, పట్టుదల పెరుగును. చిన్న కళాశాలలో ఒక్క మంచి అధ్యాపకుడు వెళ్ళిపోయినచో ఆ శాఖయే కూలిపోవచ్చును. ఒక అధ్యాపకునితో సరిపడనిచో తప్పించుకొనుటకు వేరొకరు ఉండరు. కోరిన ఐచ్ఛిక విషయము కాగితముపై ఉండి, తరగతిలో లేకపోవచ్చును.

కావున కళాశాలలో ఎంతమంది యని అడుగుట వ్యర్థము. మీ బిడ్డ కూర్చుండు తరగతిలో ఎంతమంది యని అడుగుడు. మూడువేలమంది గల కళాశాలలో పదునైదుమంది కూర్చుండు సంస్కృతపు తరగతి ఉండవచ్చును. ఆరువందలమంది గల కళాశాలలో నూరుగురిని కుక్కిన కామర్సు తరగతి ఉండవచ్చును. ఆ శాఖలో శాశ్వతోద్యోగులైన అధ్యాపకులెందరు, గంటల లెక్కను వచ్చిపోవు అతిథి అధ్యాపకులెందరు, ట్యుటోరియలు తరగతులు నిజముగా జరుగునా, నాలుగవ సంవత్సరమున పరిశోధనకు మార్గదర్శనము చేయువారున్నారా - ఈ నాలుగు ప్రశ్నలకు ప్రకటన పుస్తకములో జవాబు దొరకదు. రెండవ సంవత్సరము చదువుచున్న విద్యార్థి నొకని కాంటీనులో పలుకరించినచో పది నిమిషములలో తెలియును.

బిడ్డ స్వభావము కూడ లెక్కలో చేరవలెను. నలుగురిలో చొరవగా మాటలాడు బిడ్డ పెద్ద కళాశాలలో తన చోటు తానే సంపాదించుకొనును. అడిగిననేగాని మాటలాడని బిడ్డను అడుగువారున్నచోట చేర్చుట మేలు. ఐతే మౌనముగా నుండు పిల్లలందరు బెరుకుగలవారని తలపరాదు. మా అమ్మాయి ఇంటిలో మితభాషిణి. పాఠశాల వార్షికోత్సవములో సభను తానే నడపెనని ఆమె ఉపాధ్యాయిని చెప్పువరకు మాకు తెలియలేదు. మన పిల్లలను గూర్చి మనకు తెలిసినది సగమేనని ఒప్పుకొనుట మంచిది.

మూడవది పరిసరము. చదువునకు స్థలము కూడ ముఖ్యమని మన పూర్వులు గ్రహించిరి. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1930లో వాల్తేరు సముద్రతీరమునకు తరలెను. మద్రాసు క్రైస్తవ కళాశాల నగరపు నడిబొడ్డునుండి 1937లో తాంబరము చెట్ల నీడకు చేరెను. ఇరుకు వీధిలో జరుగు చదువు వేరు. సాయంకాలము గురుశిష్యులు కలిసి నడువగల ప్రాంగణములో జరుగు చదువు వేరు.

మన నగరములో పరిసరము అనగా మొదట దూరము. ఇంటినుండి కళాశాలకు గంటన్నర ప్రయాణమైనచో రానుపోను మూడు గంటలు. సంవత్సరములో నూట ఎనుబది దినములు పోయినచో 540 గంటలు మెట్రోలోను బస్సులోను గడచును. రోజునకు ఆరుగంటల చొప్పున చదువుకొనినచో అది తొంబది దినముల చదువు. మూడేండ్లకు తొమ్మిది నెలలు. పేరుగొప్ప కళాశాలకును, దాని తరువాతి దానికిని గల భేదము ఆ తొమ్మిది నెలల విలువ చేయునా అని ఆలోచింపవలెను. కొందరికి చేయును. చలికాలమున ఢిల్లీ గాలి పాడైన దినములలో ఉబ్బసము గల బిడ్డ ఉదయము ఏడింటికి బయలుదేరవలసివచ్చుట కూడ లెక్కకు రావలెను. ఆడపిల్లల విషయములో సాయంకాలపు తరగతులు ఎన్నింటికి ముగియును, మెట్రో స్టేషనునుండి కళాశాల గుమ్మము వరకు దారి ఎట్టిది అనునవి అచటికి పోయి చూడవలసిన సంగతులు. మనము చూడకుండ భయపడి వలదనుట, చూడకుండ ధైర్యపడి పంపుట - రెండును తప్పే.

ఇచట మన వారి కృషిని స్మరింపకుండ సాగలేను. దుర్గాబాయి దేశముఖుగారు 1948లో ఈ నగరములో ఆంధ్ర విద్యాసంఘమును స్థాపించిరి. తిరుమల తిరుపతి దేవస్థానములవారు 1961లో శ్రీ వేంకటేశ్వర కళాశాలను నెలకొల్పిరి. అది నేడు ధౌలాకువాలో దక్షిణ ప్రాంగణమునకు చేరువను ఉన్నది. ఆ ప్రాంగణపు మెట్రో స్టేషనుకు దుర్గాబాయిగారి పేరే పెట్టిరి. అచట దిగునప్పుడు తెలుగువానికి గుండె నిండును. ఐనను అభిమానమొక్కటే కారణముగా బిడ్డను ఎచటను చేర్పవలదు. ఆ కళాశాలను కూడ మిగిలినవానితో పాటు అదే కాగితముపై నిలిపి చూడుడు.

కొందరు మిత్రులు, "పిల్లలను మన ప్రాంతానికే పంపితే భాష నిలుస్తుంది, ఖర్చు తగ్గుతుంది" అని తలచుచున్నారు. ఈ తలపు మంచిదే. ఢిల్లీలో పెరిగిన మన పిల్లలు తెలుగులో మాటలాడుదురు గాని చాలమందికి చదువుట రాదు. అమ్మమ్మగారి ఊరి దగ్గర మూడేండ్లు గడపినచో భాషయు బంధుత్వమును రెండును దక్కును. కాని అందులో ఒక చట్టపు చిక్కు గలదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూలమున మన రాష్ట్రములలోని విశ్వవిద్యాలయములలో నూటికి 85 స్థలములు స్థానికులకు ప్రత్యేకింపబడినవి. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు అచట చదివిన బిడ్డ స్థానికుడు. మన పిల్లలు ఢిల్లీలో చదివిరి గనుక స్థానికులు కారు. మిగిలిన 15 స్థలములకు మాత్రమే పోటీపడవలెను. ఆ పోటీకి అర్హత గావలెనన్నను, తల్లియో తండ్రియో రాష్ట్రము వెలుపలి ఉద్యోగకాలమును మినహాయించి మొత్తము పదేండ్లు ఆ రాష్ట్రములో నివసించినట్లు ధ్రువపత్రము చూపవలసివచ్చును. 2014 విభజన చట్టము ఉమ్మడి ప్రవేశములకు ఇచ్చిన పదేండ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసెను గనుక, ఏ రాష్ట్రము అనునదియు ముఖ్యమైనది. జూన్ నెలలో తహశీల్దారు కార్యాలయపు వరుసలో నిలుచుటకంటె, డిసెంబరు సెలవులలోనే ఆ పత్రము తెచ్చుకొనుట మేలు. హైదరాబాదు విశ్వవిద్యాలయమువంటి కేంద్ర సంస్థలకు ఈ స్థానిక నియమము లేదు. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయము గచ్చిబౌలి బండరాళ్ళ నడుమ విశాలమైన ప్రాంగణములో ఉన్నది. మన పిల్లలకు అది తెలుగునేల మీద తెరచియుంచిన తలుపు.

ఇక మా అమ్మాయి సంగతి చెప్పి ముగించెదను. ఆమె ముందు మూడు దారులు నిలిచెను. నగరము అవతల పేరుమోసిన కళాశాల యొకటి. రానుపోను మూడు గంటలు. నగరము వెలుపల పచ్చికబయళ్ళు గల ప్రైవేటు విశ్వవిద్యాలయ మొకటి. చదువు బాగుగ నుండును గాని ఖర్చు మా శక్తికి మించినది. మూడవది ఇంటికి ముప్పదియైదు నిమిషముల దూరములో, అంతగా పేరులేని కళాశాల. చరిత్రశాఖ చిన్నది, అధ్యాపకులు స్థిరముగా నున్నవారు. ఆమె మనస్సు రెండవదానిపై నిలిచెను. నేను మా నాయనగారి వలెనే "చూద్దాంలే అమ్మా" అనుచు నెలలు గడపితిని. చివరకొక రాత్రి కాగితము తీసి, జీతము, ఇంటి అప్పు, తమ్ముని చదువు, నాయనమ్మ మందులు - అన్నియు వ్రాసి ఆమె ముందు పెట్టితిని. "పిల్లకి ఇవన్నీ ఎందుకండీ" అని నా భార్య వారించెను. ఐనను చూపితిని.

నేను మెచ్చుకోలును ఆశించితిని. ఆమెకు కోపము వచ్చెను. "ఈ లెక్క నాకు పదకొండులో ఉన్నప్పుడే చూపించి ఉండొచ్చు కద నాన్నా! ఆశపడ్డాక చూపిస్తున్నావు" అన్నది. దానికి నా యొద్ద జవాబు లేకపోయెను. నిజము చెప్పితిని గాని ఆలస్యముగా చెప్పితిని. అది నా రెండవ పొరపాటు, మొదటిదానికంటె పెద్దది. ముందస్తు సొమ్ము రెండు నెలలకు తిరిగి వచ్చెను. ఆమె నాతో మునుపటివలె మాటలాడుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టెను.

ఆమె మూడవ కళాశాలనే ఎన్నుకొనెను. ముందు రెండుమార్లు ఒంటరిగా పోయి, అచటి విద్యార్థినులతో మాటలాడి, గ్రంథాలయములో ఒక మధ్యాహ్నము కూర్చుండి వచ్చి, తరువాతనే తన నిర్ణయము చెప్పెను. ఇప్పుడు సుఖముగా నున్నదా అని మీరడుగవచ్చును. కొన్ని దినములు ఉన్నది, కొన్ని దినములు లేదు. మొన్న రాత్రి భోజనమువేళ తన అధ్యాపకురాలు వ్యాసమును తిప్పి వ్రాయించినదని విసుగుకొనెను. పేరు పెట్టి పిలిచి, తప్పు చూపి, మరల వ్రాయమనువారు ఒకరున్నారని నేను లోలోన సంతోషించితిని. పైకి చెప్పలేదు.

సోదరీ సోదరులారా! కొందరికి పెద్ద కళాశాల తగును, కొందరికి చిన్నది తగును. కొందరు అప్పుచేసి చదివి వృద్ధిలోనికి వచ్చిరి. మా యింటి నిర్ణయము మీ యింటికి సరిపడవలెనని లేదు. నేను కోరునది ఒక్కటే. మీ బిడ్డ పదకొండవ తరగతిలో నుండగనే ఒక ఆదివారము మధ్యాహ్నము కాగితమును కలమును తీసికొని ఇంటిల్లిపాది కూర్చుండుడు. మనము ఎంత ఖర్చు పెట్టగలమో దాపరికము లేక చెప్పుడు. పిమ్మట బిడ్డను మాటలాడనిచ్చి వినుడు. తన భయములను, తన కోరికలను ఆ బిడ్డయు దాచియుండవచ్చును. రెండు వైపుల దాపరికము తొలగిన తరువాత జాబితాలో ఏది మొదట వ్రాయవలెనో కుటుంబమునకు తెలియును.

చిరంజీవులారా! మీకు ఒక్క మాట. ఇంటి లెక్క మీ ముందు పెట్టినప్పుడు, అది మీ ఆశను చంపుటకు పెట్టినదని తలపవలదు. మీరు పెద్దవారైతిరని మేము ఒప్పుకొన్న గుర్తు అది.